మర్చిపోలేదు, దాచాను

19 జూన్ 2025, గురువారం

అబ్రహాము గారు ఈరోజు కుర్చీలో కూర్చోలేదు.

ఆయన మా రామచంద్రపురం కోర్టులో నోటీసులిచ్చే అమీను. రోజూ పదకొండు దాటాక షాపుకొస్తారు. జిరాక్స్‌లు తీయించుకుని, టీ తాగి, చిల్లర రేపిస్తానంటారు. ఈరోజు గుమ్మంలోనే నిలబడి, ఏమీ అనుకోకండి దుర్గ గారూ, డ్యూటీ అండి, అని కాగితం చేతికిచ్చారు. ఎవరిదో టైపుకి తెచ్చారనుకున్నాను. చూస్తే రెండో పేరు నాది. మొదటి పేరు మా ఈయనది.

పదిహేడేళ్ళ నుంచి కోర్టు ఎదురుగా డీటీపీ షాపు నాది. ఇలాంటి కాగితాలు వందలు కొట్టుంటాను. జడ్జిమెంట్ డెటర్, అంటే తీర్పు ప్రకారం బాకీ పడ్డవాళ్ళు, అన్న మాట కళ్ళు మూసుకుని టైప్ చేయగలను. దాని పక్కన వెంకటదుర్గ అని చూసేసరికి నా పేరు నాకే కొత్తగా ఉంది.

ఇదంతా వరికోత మిషన్‌కి తీసుకున్న లోను గొడవ. రెండు సీజన్లు వానల్లో మిషన్ చేలల్లో దిగబడింది, వాయిదాలు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో ఫైనాన్స్ కంపెనీ వాళ్ళొచ్చి లారీ ఎక్కించుకుపోయారు. అమ్ముకుంటారు, దాంతో చెల్లు అనుకున్నాను. ఇప్పుడు ఆర్బిట్రేటర్ అవార్డు, అంటే తీర్పు, ఇచ్చారట. ఇంకా పదకొండు లక్షల నలభై వేలు రావాలట. నా పేరున ఉన్న ఇల్లు జప్తు చేయించమని కోర్టుకెక్కారు. మిషన్ ఎంతకి అమ్మారో మాత్రం ఎక్కడా లేదు.

రాత్రి ఈయనకి చూపించాను. అలాగా అన్నారు. కంచం ముందు నుంచి లేచిపోయారు.

ఆర్బిట్రేటర్ అంటే ఏంటే అని అత్తయ్య అడిగింది. కోర్టు బయట కూర్చుని తగువు తీర్చే పెద్దమనిషి అన్నాను. మరి పెద్దమనిషన్నవాడు రెండో పక్షాన్ని పిలవడా అంది.

అదే నేనూ అడుగుతున్నాను.

20 జూన్, మధ్యాహ్నం

షట్టరు సగం దించి, నోటీసుతో వచ్చిన అవార్డు చదివాను. పద్నాలుగు పేజీలు. ఆరో పేరాలో ట్రాక్టర్ అండ్ ట్రైలర్ అని ఉంది. మాది ట్రాక్టర్ కాదు.

ఎలా జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి, ఒక చోట మార్చడం మర్చిపోతే ఇలాగే వస్తుంది. నేనూ చేశాను. ఒకసారి ఒకాయన విడాకుల పిటిషన్లో వేరే ఆవిడ పేరు వదిలేశాను. ప్లీడరు గారు ఫైలు నా టేబుల్ మీద విసిరికొట్టారు. కొట్టాల్సిందే. కానీ నా పొరపాటుకి ఎవరి ఇల్లూ పోలేదు.

సాయంత్రం

హారతి గారి దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై నిండని లాయరు. ఆవిడ మొదటి కేసు కాగితాలు కొట్టింది నేనే. ట్రాక్టర్ చూపిస్తే నవ్వి, పెన్నుతో చుట్టారు. ఇంకో పెద్ద విషయం ఉంది అన్నారు. ఆర్బిట్రేటర్ని కంపెనీ ఒక్కటే ఎంచుకుంది, మనల్ని అడగలేదు. ఒక పక్షం తనకి తానే జడ్జిని పెట్టుకుంటే చెల్లదు. జిల్లా కోర్టులో అవార్డు కొట్టేయమని అడగొచ్చు.

అయితే ఇది మీకెప్పుడు అందింది అన్నారు. నిన్నే అన్నాను. ఆవిడ కంపెనీ కాగితాల్లోంచి రెండు పోస్టు కార్డుల నకళ్ళు తీసి ముందు పెట్టారు. రిజిస్టర్డ్ కవర్లు అందాయని సంతకాలు. మార్చి 3. ఒకటి ఈయనది. రెండోదాని మీద వెంకటదుర్గ అని ఉంది.

అందిన రోజు నుంచి మూడు నెలల్లో కోర్టుకి రావాలట. గట్టి కారణం చూపిస్తే ఇంకో ముప్ఫై రోజులు. ఆ తర్వాత జడ్జి గారికి జాలి కలిగినా లాభం లేదట. మార్చి 3 నుంచి లెక్కేస్తే ఆఖరి రోజు జూలై 3.

ఆ కార్డు మీది గ వత్తు నాది కాదు. నేను వత్తు కింద తోక లాగుతాను. ఇలా గుండ్రంగా చుట్టేది ఎవరో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కాపురం.

హారతి గారికి చెప్పలేదు.

21 జూన్

పోస్టుమేన్ ఎజ్రా షాపుకి ఉత్తరాలు తెచ్చినప్పుడు మామూలుగా అడిగినట్టే అడిగాను. గుర్తుందండి అన్నాడు. జోగేశ్వరరావు గారు అరుగు మీదున్నారు, ఆవిడ కవరు కూడా ఇలా ఇచ్చేయి, నేనిస్తాలే అన్నారు, భార్యాభర్తలు కదా అని కార్డులు రెండూ ఇచ్చేశానండి. తప్పయిందాండి అన్నాడు. లేదన్నాను. వచ్చే ఏడాది రిటైరవుతాడు.

ఇంటికెళ్ళి అత్తయ్యని అడిగాను. అత్తయ్య పేరు బుజ్జమ్మ. ఊళ్ళో అందరి విషయాలూ చెబుతుంది, కొడుకు విషయం ఒక్కటీ చెప్పదు. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. తర్వాత బొడ్లోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

పెరట్లో రేకుల కింద ఇనప్పెట్టె. మిషన్ పోయినా దాని బెల్టులు, బ్లేడ్లు, గ్రీజు గన్ను అందులో దాచుకున్నారు ఈయన. బెల్టుల కింద మూడు కవర్లు. ఒకటి పోయిన అక్టోబరుది. మేమే ఫలానా ఆయన్ని ఆర్బిట్రేటర్‌గా పెట్టాం, ఫలానా తేదీకి రండి అని. మిగిలిన రెండూ మార్చివి, అవార్డు ఉన్నవి.

ఆ రెండూ చింపనే లేదు.

22 జూన్, ఆదివారం

మూడు కవర్లూ టిఫిను ప్లేటు పక్కన పెట్టాను.

వేసవిలో దాళ్వా వరి కోతలకి వేరేవాళ్ళ మిషన్ తోలి ఎంతో కొంత కట్టేద్దామనుకున్నాను, నీదాకా రాకుండా చూద్దామనుకున్నాను అన్నారు. తోలారు కూడా. ఎండలో రెండు నెలలు తోలారు. వచ్చిన డబ్బు పాత డీజిల్ బాకీలకే సరిపోయిందట.

అరిచాను. అరిచిందంతా రాయను. ఒక్కటి మాత్రం రాస్తాను. నా పేరు నువ్వెలా రాశావు అన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన్ని నువ్వు అనడం అదే మొదలు.

సంచీలో రెండు చొక్కాలు పెట్టుకుని మండపేట వెళ్ళిపోయారు. అక్కడ మిషన్లు రిపేరు చేసే షెడ్డులో పని ఉందట.

నా కొడుకు దొంగ కాదు అంది అత్తయ్య. మరి తాళంచెవి ఎందుకిచ్చారు అన్నాను. నువ్వూ దొంగవి కాదు కదే అంది.

24 జూన్

హారతి గారికి అంతా చెప్పేశాను. పెన్ను మూసి పక్కన పెట్టారు.

రెండు దారులున్నాయట. ఒకటి, ఆ సంతకం నాది కాదు, జూన్ 19 దాకా నాకేమీ తెలీదు అని మాత్రం చెప్పి ఊరుకోవడం. అబద్ధం ఒక్క ముక్క లేదు. అప్పుడు నా మూడు నెలలు జూన్ 19 నుంచే మొదలు. బోలెడు టైము. ఇల్లు నా పేరునే ఉంది కాబట్టి అదీ నిలబడుతుంది. కానీ కంపెనీ ఎజ్రాని బోనెక్కిస్తుంది. ఆవిడ కవరు ఆవిడకే ఇచ్చినట్టు రాశావు, మరి ఎవరికిచ్చావు అని. వాళ్ళ ఆఫీసు వాళ్ళు ఊరుకోరు.

రెండోది, ఈయనే ప్రమాణం చేసి, కవర్లు నేనే తీసుకున్నాను, ఆవిడకి చెప్పలేదు అని రాసివ్వడం. ఆలస్యానికి అదే కారణం, ఎజ్రాని పిలవాల్సిన పనుండదు. అయితే జూలై 3 దాటకూడదు.

మీ ఇష్టం, రేపటికి చెప్పండి అన్నారు. రేపటిదాకా ఎందుకండి, రెండోదే అన్నాను. ఆయన ఒప్పుకుంటారా అన్నారు.

నేను ఒప్పిస్తాను అన్నాను. ఫోను రెండు రోజుల నుంచి ఎత్తడం లేదని మాత్రం చెప్పలేదు.

25 జూన్

ఎనిమిది రోజులు.

27 జూన్

మండపేట వెళ్ళాను. షెడ్డులో ఏడెనిమిది హార్వెస్టర్లు, అన్నీ పళ్ళూడదీసి వరసగా నిలబెట్టి ఉన్నాయి. మూడోదాని కింద ఈయన కాళ్ళు కనబడ్డాయి. మడమల పగుళ్ళు గుర్తుపట్టాను.

కాళ్ళతోనే మాట్లాడాను. పైకి రమ్మనలేదు. వచ్చి నా మొహం చూస్తే మాట పడిపోతుందేమోనని నాకే భయం. అవార్డు నిలబడదని హారతి గారన్నారు, కానీ మనం వెళ్ళి అడిగితేనే అని చెప్పాను. ఎజ్రా సంగతి చెప్పాను. మీరు కార్డు మీద రాసిన నా పేరుకి ఆయన పెన్షన్ పోతుంది అన్నాను. కింద స్పానరు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

జూలై 3 ఆఖరు అని చెప్పి వచ్చేశాను. బస్సెక్కాక గుర్తొచ్చింది, తిన్నారా అని అడగలేదు. బాగా అయింది అనుకున్నాను. రాయవరం దాటాక అలా అనుకున్నందుకు ఏడుపొచ్చింది.

30 జూన్, సోమవారం

హారతి గారు ఈయన అఫిడవిట్ డ్రాఫ్టు పంపారు. ఇంగ్లీషులో. నాలుగో పేరాలో, కవర్లు తీసుకుని ఇనడ్వర్టెంట్లీ మిస్‌ప్లేస్డ్ అని ఉంది. ఇదేంటండి అని ఫోన్ చేశాను. అందరూ ఇలాగే రాస్తారు దుర్గ గారూ, ఆయనకి సంతకం పెట్టడం తేలికవుతుంది, మనకి పని జరుగుతుంది అన్నారు.

నిజమే. ఈ మాట నేనే ఎన్నిసార్లు కొట్టానో. ప్రింటు తీసి పెట్టాను.

1 జూలై

రెండింటికి ఈయన షాపుకొచ్చారు. గెడ్డం పెరిగింది. గోళ్ళలో గ్రీజు. గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుని, ఆ కాగితం ఇలా ఇయ్యి అన్నారు.

ఒక్కో లైనూ వేలు పెట్టి చదివారు. పదో తరగతి ఇంగ్లీషు. మిస్‌ప్లేస్డ్ దగ్గర ఆగి, అంటే ఏంటి అన్నారు. పొరపాటున ఎక్కడో పెట్టి మర్చిపోవడం అన్నాను.

కాదు, అన్నారు. మర్చిపోలేదు, దాచాను. అలా కొట్టు.

డ్రాఫ్టు ఫైలు తెరిచాను. నాలుగో పేరాకి వచ్చాను.

పెట్టె గురించీ కొట్టు, తాళం వేశానని కొట్టు, రెండో కార్డు మీద నీ పేరు నేనే రాశానని కొట్టు అన్నారు. నేను హారతి గారికి ఫోన్ చేశాను. ఆవిడ నల్లకోటుతోనే రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చారు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టానని కోర్టులో ఒప్పుకుంటే మీ మీద వేరే కేసు పెట్టొచ్చండీ, ఆలోచించుకోండి అని స్పష్టంగా చెప్పారు. ఈయన విన్నారు. ఇది రాయకపోతే ఎజ్రా మీదికి పోతుంది కదండీ అన్నారు. పోవచ్చు అన్నారు ఆవిడ.

అయితే కొట్టు దుర్గా.

కొట్టాను. మిస్‌ప్లేస్డ్ తీసేసి కన్సీల్డ్, అంటే దాచాను, అని కొట్టాను. స్పెల్లింగు రెండుసార్లు తప్పు పడింది. పదిహేడేళ్ళలో నాకు ఆ మాటలో తప్పు పడలేదు.

సంతకం పెట్టేటప్పుడు గ్రీజు అంటుకుంటుందని చెయ్యి చొక్కాకి తుడుచుకున్నారు. అయినా అంటింది. మళ్ళీ ప్రింటు తీయనా అన్నాను. ఉండనీ అన్నారు హారతి గారు.

2 జూలై, రాజమండ్రి

ఫైలింగు కౌంటర్లో పేజీ నంబర్లు సరిగ్గా లేవని తిప్పి ఇచ్చారు. వరండాలో నేల మీద కూర్చుని ఎనభై ఆరు పేజీలకి చేత్తో నంబర్లేశాను. ఈయన కాగితాలు ఎగిరిపోకుండా పట్టుకున్నారు. నాలుగూ నలభైకి కేసుకి నంబరు పడింది.

ఒక రోజు మిగిలింది.

బస్సులో కడియం దగ్గర నిద్రపోయి నా భుజం మీద వాలారు. కోపం పోలేదు. పక్కకి జరగలేదు కూడా.

12 ఆగస్టు

కంపెనీ లాయరు గారు పెద్దాయన. ఇదంతా మొగుడూ పెళ్ళాల నాటకం అండి, టైము అయిపోయాక కథ అల్లారు అన్నారు. గట్టిగానే అన్నారు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

జడ్జి గారు ఈయన్ని ముందుకి రమ్మన్నారు. అఫిడవిట్ మీరే చెప్పి రాయించారా అన్నారు. అవునండి. ఎందుకు దాచారు?

కంపెనీ లాయరు గారు లేవబోతే జడ్జి గారు చేత్తో కూర్చోమన్నారు.

సిగ్గేసిందండి, అన్నారు ఈయన.

ఎవరి దగ్గర అన్నారు జడ్జి గారు. ఈయన వెనక్కి తిరిగి నన్ను చూపించారు. కోర్టులో అలా వేలు పెట్టి చూపించకూడదు. ఎవరూ ఏమీ అనలేదు. జడ్జి గారు ఆ మాటని ఇంగ్లీషులో చెబితే స్టెనో టైప్ చేసింది. ఎంత చిన్న వాక్యమో కీల చప్పుడుని బట్టి నాకు తెలిసింది.

బయటికొచ్చాక ఈయన కుళాయి దగ్గర మొహం కడుక్కున్నారు. తిన్నారా అని అడిగాను. లేదన్నారు. పెరుగన్నం తిన్నాం.

26 ఆగస్టు

ఆలస్యం మన్నించారు. కంపెనీకి మూడు వేలు ఖర్చులివ్వమన్నారు. జప్తు ఆపాలంటే ఎనిమిది వారాల్లో రెండు లక్షలు కోర్టులో కట్టాలి. సంతకం విషయంలో, నిజం ఈయనే ముందుకొచ్చి చెప్పారు కాబట్టి వేరే చర్య అక్కర్లేదని రాశారు. ఎజ్రాని పిలవనే లేదు.

9 సెప్టెంబరు

పెద్ద జిరాక్స్ మిషన్ అమ్మేశాను.

11 సెప్టెంబరు

చిన్న మిషన్ ఒక్కటే. నిమిషానికి పన్నెండు కాపీలు. అర్జెంటు వాళ్ళు పక్క షాపుకి పోతున్నారు. అబ్రహాము గారు మాత్రం వరసలో నిలబడి అరగంట కాచుకున్నారు. పోయిన నెల చిల్లర కూడా ఇచ్చారు. నాకు భయమేసింది, మళ్ళీ ఏదైనా నోటీసు తెచ్చారేమోనని. లేదు.

18 నవంబరు, రాజమండ్రి

అవార్డు కొట్టేశారు.

కంపెనీ లాయరు గారు చివరిదాకా ఒకటే మాట. లోను కాగితాల్లో ఆర్బిట్రేటర్ని కంపెనీయే పెడుతుందని ఉంది, వీళ్ళు సంతకం పెట్టారు. పెట్టాం. నలభై రెండు చోట్ల పెట్టాం. షోరూములో నిలబడి, మిషన్‌కి పూలదండ వేస్తుంటే, చదవకుండా పెట్టాం. హారతి గారు లేచి, సంతకం పెట్టినా ఒక పక్షమే జడ్జిని ఎంచుకోవడం కుదరదని సుప్రీంకోర్టు తీర్పులు చూపించారు. తర్వాత ఆరో పేరా చదివారు. జడ్జి గారు కంపెనీ లాయరు గారి వైపు చూసి, ఈ ట్రాక్టర్ ఎక్కడిదండీ అన్నారు. ఆయన కాగితాలు తిరగేశారు. చాలాసేపు తిరగేశారు.

ఈయన రాలేదు. వానాకాలం పంట, సార్వా కోతలు. కోటిపల్లి వైపు ఎవరిదో మిషన్ మీద ఉన్నారు. ఫోన్ చేసి చెప్తే మిషన్ హోరులో వినబడలేదు. ఇంజను ఆపి, మళ్ళీ చెప్పు అన్నారు. చెప్పాను.

అయితే ఇంక కట్టక్కర్లేదా అన్నారు.

కట్టాలి అన్నాను. అవార్డు కొట్టేశారు, అప్పు కొట్టేయలేదు. కంపెనీ మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టొచ్చు. ఈసారి ఆర్బిట్రేటర్ ఎవరో మనమూ ఒప్పుకోవాలి. మిషన్ ఎంతకి అమ్మారో చెప్పించాలి. అది తీసేసి మిగిలింది ఎంతో తేలాలి. ఎంత తేలితే అంత కడదాం.

సరే అన్నారు. కాగితాలు నువ్వే చదువు అన్నారు. ఇద్దరం చదువుదాం అన్నాను.

8 జనవరి 2026

కంపెనీ నుంచి రిజిస్టర్డ్ కవర్లు రెండు. మూడు పేర్లు పంపారు, ఒకటి ఎంచుకోమని. ఎజ్రా ఈయన కవరు ఈయన వచ్చేదాకా ఇవ్వనన్నాడు. నాకిస్తే ఏమైందయ్యా అంటే, భార్యాభర్తలైనా సరేనండి, ఎవరిది వాళ్ళకే అన్నాడు. సైకిలు స్టాండేసి నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఆ చోద్యం చూస్తూ అత్తయ్య వాడికి రెండుసార్లు టీ పెట్టింది.

రిటైరైన జిల్లా జడ్జి ఒకాయన పేరు ఉంది. హారతి గారు విచారించి మంచివారన్నారు. ఈయనా నేనూ ఆ పేరు కింద టిక్కు పెట్టాం.

11 ఫిబ్రవరి, బుధవారం

రాజమండ్రిలో మొదటి సిట్టింగ్. చిన్న గది, ఒక బల్ల, ఐదు కుర్చీలు. కంపెనీ వాళ్ళు ఫైలు తెరవబోతే ఆ రిటైరైన జడ్జి గారు ఆగమన్నారు. కళ్ళజోడు తీసి నా వైపు తిరిగి, ముందు మీరు చెప్పండమ్మా అన్నారు.

మంచినీళ్ళు తాగాను.

మొదలుపెట్టాను.